చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వొద్దు

సంపాదకులకు,

మా అమ్మకు మూత్రంలో మంటగా ఉంటే కావలిలో ఒక మందుల షాపువాళ్లు డాక్టరు చీటీ అడగకుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి, వారానికి చలిజ్వరంతో తిరగబెట్టింది. నెల్లూరులో యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయిస్తే ఈ.కొలై అనే బ్యాక్టీరియా అని తేలింది. రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరుసగా ‘ఆర్’ అనే అక్షరమే. అంటే ఆ మందు పనిచేయదని. చూసి కాళ్లూ చేతులూ ఆడలేదు.

సీటీఎక్స్-ఎం వంటి జన్యువులున్న బ్యాక్టీరియా ఇలాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తుందని డాక్టరుగారు చెప్పారు. ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా ఆ జన్యువులు పక్క బ్యాక్టీరియాకూ అంటుకుంటాయట!

సెఫిక్సిమ్ 2014 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే ప్రత్యేక నియంత్రణ జాబితాలోని మందు. చీటీ చూసి, రిజిస్టరులో రాసుకునే అమ్మాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టర్లు తనిఖీ చేయాలి. ఏరియా ఆసుపత్రుల్లో కల్చర్ పరీక్ష ఉచితంగా చేయాలి.

– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా