బిల్లులో 1095 ఉక్కు, పార్శిల్‌లో మెత్తని ఇనుము: కత్తి బ్లాంకుల ఆర్డర్‌పై ఫిర్యాదు

హనుమకొండ,
18 అక్టోబర్ 2025

మేనేజర్ గారికి,
మెటల్ కటింగ్ విభాగం,
హైదరాబాద్.

విషయం: మేము ఆర్డర్ ఇచ్చిన 40 కత్తి బ్లాంకుల్లో (కత్తి ఆకారంలో కోసిన, ఇంకా పదును పెట్టని ఉక్కు ముక్కల్లో) వేరే లోహం కలవడం, ఒప్పుకున్న పద్ధతిలో కోయకపోవడం, మాకు చెప్పకుండా పని బయటివాళ్ళకు ఇవ్వడం గురించి.

అయ్యా,

మార్చిలో మీరు మాకు 12 బ్లాంకులు కోసి పంపారు. వాటిలో ఒకటి ఇప్పటికీ నా పని బల్ల మీద ఉంది. చాలా శుభ్రంగా వచ్చిన పని అది. ఆ నమ్మకంతోనే ఆగస్టు 21న మళ్ళీ మీకే 40 బ్లాంకులకు ఆర్డర్ పెట్టాం. 1095 అనే ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు, 3 ఎంఎం మందం, వాటర్‌జెట్ కటింగ్, అంటే నీటి ధారతో కోయడం. బ్లాంకుకు 450 రూపాయల చొప్పున 18,000, జీఎస్టీ 3,240, కొరియర్ 760, మొత్తం 22,000 రూపాయలు ముందే కట్టాం. ఆ డబ్బు నా ఒక్కడిది కాదు. వరంగల్, కాజీపేట, హుజూరాబాద్‌లలో ఉన్న మిత్రులతో కలిపి ఆరుగురం వేసుకున్నది. మాలో ఎవరికీ ఇది వ్యాపారం కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారాలు కత్తులు చేసుకునేవాళ్ళం. ఇంట్లోకి, బంధువులకు, అడిగిన తెలిసినవాళ్ళకు చేసిపెడతాం.

కటింగ్ మీకెందుకు ఇస్తున్నామో మీకు తెలుసు. మూడు ఎంఎం షీట్ మీద గీత గీసి, వరసగా చిల్లులు వేసి, హాక్సాతో కోసి, ఆకురాయితో అంచు సరిచేసేసరికి ఒక్క బ్లాంకుకే ఆదివారం అయిపోతుంది. ఆ ఒక్క మెట్టు మీకిస్తే మిగతాదంతా, అంటే సాన పట్టడం, కాల్చడం, నూనెలో ముంచడం, పిడి వేయడం, పదును తీయడం మేము చేసుకుంటాం. కానీ మా కంటికి కనబడనివి రెండున్నాయి. ఆ షీట్ ఏ ఉక్కు, దాన్ని ఎలా కోశారు. మేము మీకు డబ్బు కట్టింది ఆ రెండిటి కోసమే. ఈసారి ఆ రెండూ తప్పాయి.

పార్శిల్ సెప్టెంబర్ 12న వచ్చింది. తెరవగానే అంచు తేడాగా కనిపించింది. మార్చిలో వచ్చిన బ్లాంకుల అంచు బూడిద రంగులో, సన్నటి ఎమెరీ పేపర్‌లా సమంగా ఉండేది. ఈసారి అంచు పొడవునా దువ్వెన పళ్ళలాగా నిలువు గీతలు, గోధుమ రంగు నుంచి నీలానికి తిరిగిన మరక, కింది వైపు కరిగి గడ్డకట్టిన చిన్న చిన్న లోహపు బొట్లు. అది లేజర్ కోత. వాటర్‌జెట్‌లో గార్నెట్ అనే గట్టి రాయి పొడి కలిసిన నీరు కోస్తుంది కాబట్టి వేడి ఉండదు, రంగు మారదు.

లేజర్ ఎందుకు వద్దన్నామో ఆర్డర్ మెయిల్‌లోనే రాశాను. 1095 అంటే అందులో కార్బన్ 0.95 శాతం ఉంటుంది. అంత కార్బన్ ఉన్న ఉక్కును లేజర్ కరిగించి కోస్తే, అంచు ఒక్క క్షణం ఎర్రబడి, చుట్టూ ఉన్న చల్లని షీట్ ఆ వేడిని లాగేసుకోవడంతో అక్కడికక్కడే గట్టిపడిపోతుంది. మేము కొలిమిలో చేయాల్సిన పనిని మెషీన్ అంచు వరకు చేసేస్తుంది, అదీ మాకు అక్కరలేని చోట. దానికి మీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు నా దగ్గరుంది: "ఓకే సార్, వాటర్‌జెట్‌లోనే చేస్తాం." లేజర్ కంటే వాటర్‌జెట్ రేటు ఎక్కువని మీ కొటేషన్‌లోనే ఉంది. ఎక్కువ రేటే కట్టాం.

అయినా ఆ రోజు ఫోన్ చేయలేదు. దసరా అక్టోబర్ 2న. పండగలోపు కొన్నయినా పూర్తి చేయాలని పని మొదలుపెట్టాను. డ్రాయింగ్‌లో పిడి చిల్లులు 5 ఎంఎం. వచ్చినవి 4.8 దగ్గర ఉన్నాయి, పిన్ను దూరడం లేదు. డ్రిల్ పెట్టి పెద్దవి చేద్దామంటే మొదటి బ్లాంకు మీదే బిట్ విరిగింది. మూడో దానికి ఇంకోటి, ఐదో దానికి మరోటి. ఆరో బ్లాంకుకు మాత్రం డ్రిల్ జామకాయలో దిగినట్టు దిగింది. కొత్త బిట్ కదా అనుకుని సంతోషపడ్డాను. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే ఈ లేఖ నెల ముందే మీకు చేరేది. ఒకే షీట్ నుంచి వచ్చిన ముక్కల్లో ఒకటి డ్రిల్‌ను విరగ్గొట్టి, ఇంకోటి వెన్నలా లొంగడం జరగదు.

కాల్చి నూనెలో ముంచాక కూడా ఆ విడతలో ఒక్కదాన్నే ఆకురాయితో పరీక్షించాను. అన్నీ ఒకే ఉక్కని బిల్లు చెబుతోంది కాబట్టి ఒకటి చూస్తే చాలనుకున్నాను. ఆ ఒక్కటీ బాగా గట్టిపడింది. పండగ రోజు పూర్తయిన కత్తులను పనిముట్లతో పాటు పూజలో పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ సాయంత్రం నాలుగు పంచాను. ఒకటి మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే అక్కకు. ఆమె రోజూ ఎన్ని కిలోల కూరగాయలు కోస్తుందో చూసి, ఆమె చేతికి సరిపోయేలా ప్రత్యేకంగా చేసిన కత్తి అది.

మూడో రోజు పొద్దున్నే పిలిచింది. "ఏం కత్తి ఇచ్చినవ్ తమ్మీ, ఉల్లిగడ్డలకే మొద్దువారింది. నీకు చెప్తె బాధపడ్తవేమో అని రెండు రోజులు చూసిన" అంది. ఆ కత్తి అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూస్తే పదును ఒక పక్కకు వాలిపోయి ఉంది. విరగలేదు, పెచ్చు లేవలేదు, ఉత్తి రేకులాగా వంగిపోయింది. గట్టిపడిన ఉక్కు అలా వంగదు.

ఆ సాయంత్రం వాడని బ్లాంకుల్లోంచి డ్రిల్ సులువుగా దిగిన ఒకదాన్ని, మార్చి నాటి మీ బ్లాంకును పక్కపక్కన పెట్టి కాల్చాను. అయస్కాంతం అంటుకోవడం మానేసిన తరువాత ఇంకొంచెం వేడెక్కనిచ్చి, రెండిటినీ ఒకే నూనెలో ముంచాను. మార్చి బ్లాంకు మీద ఆకురాయి అద్దం మీద జారినట్టు జారింది. కొత్త దాని మీద ఆకురాయి కరిచి, పొడి రాలింది. మీ ఎగ్జిక్యూటివ్ తరువాత నాతో "హీట్ ట్రీట్‌మెంట్ మీరు సరిగ్గా చేయలేదేమో" అన్నారు కాబట్టి ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను. అదే కొలిమి, అదే నూనె, అదే పూట, అదే చెయ్యి. మారింది మీ షీట్ ఒక్కటే.

తరువాత మొత్తం 40 బ్లాంకులనూ గ్రైండర్‌కు తాకించి నిప్పురవ్వలు చూశాం. ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తిలాగా చిట్లి, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంటాయి. మెత్తని ఇనుము రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి, చిట్లడం తక్కువ. లైటు ఆర్పి ఇద్దరం కూర్చుని ఒక్కోటి చూస్తే 23 బ్లాంకులు చిట్లాయి, 17 చిట్లలేదు. రెండు రకాల నుంచీ ఒక్కో ముక్క ల్యాబ్‌కు ఇచ్చి, లోహంలో ఏది ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రో టెస్ట్ చేయించాం. ఒకదానిలో కార్బన్ 0.94 శాతం, రెండోదానిలో 0.18 శాతం. రెండోది గేట్లకు, గ్రిల్స్‌కు వాడే మైల్డ్ స్టీల్ స్థాయి. దాన్ని ఎంత కాల్చి ఎన్నిసార్లు ముంచినా కత్తికి కావలసిన గట్టితనం రాదు. రిపోర్టు కాపీ జతచేస్తున్నాను.

నలభైకి నలభై మెత్తనివే వచ్చుంటే మొదటి రోజే తెలిసిపోయేది. మంచివాటితో కలిసి రావడం వల్లే ఇంత దూరం వచ్చింది. సాన పట్టాక రెండూ ఒకేలా మెరుస్తాయి.

నాకు అన్నిటికంటే భయం వేసింది గీత కత్తుల విషయంలో. ఆ 40లో 12 బ్లాంకులు కల్లు గీసే గౌడన్నలకు ఉద్దేశించినవి. మా మిత్రుడి ఊళ్ళో ఒక పెద్దాయన, వాళ్ళ నాన్న కాలం నుంచి వాడి వాడి సన్నబడ్డ కత్తిని తెచ్చిస్తే, దాన్ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసుకుని, అరిగిపోయిన భాగం ఎంత ఉండేదో ఆయన్నే అడిగి పూర్తిచేసి, మీకు పంపిన డ్రాయింగ్ అది. ఆ 12లో 5 మెత్తనివి. గీత కత్తికి గెల కొనను కాగితమంత పలచగా చెక్కే పదును కావాలి. మొద్దుకత్తి గెలను నలిపేస్తుంది. మోకు మీద ఆనుకుని చెట్టు పైన ఉన్న మనిషి అక్కడ కత్తి నూరుకుంటూ కూర్చోలేడు. అదృష్టం కొద్దీ వాటిలో ఒక్కటి కూడా ఇంకా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అక్టోబర్ 9న మూడోసారి ఫోన్ చేసినప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. "మా వాటర్‌జెట్ మెషీన్ మెయింటెనెన్స్‌లో ఉంది సార్, బయట వెండర్‌కు ఇచ్చాం. కొంత షీట్ కూడా వాళ్ళదే వాడారు" అన్నారు మీ ఎగ్జిక్యూటివ్. నిజం చెప్పినందుకు ఆయన్ను ఏమీ అనకండి. కానీ ఆ మాట ఆగస్టులోనే మాకు చెప్పాల్సింది కదా? రెండు నెలలైనా ఆగేవాళ్ళం.

మీరు పని బయటికి ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. మేము మీకు ఇస్తున్నదీ అదే. చేతకాని మెట్టును చేతనైన వాళ్ళకు ఇస్తాం. కానీ మేము మీకు ఇచ్చేటప్పుడు ఏ ఉక్కు, ఏ మందం, ఏ కోత అన్నది రాసి ఇచ్చాం. మీరు మీ వెండర్‌కు ఇచ్చేటప్పుడు ఆ కాగితం ఎక్కడో ఆగిపోయింది, డ్రాయింగ్ ఒక్కటే ముందుకెళ్ళింది. తిరిగొచ్చిన సరుకును ఎవరూ ఒక్కసారైనా రాయికి తాకించి చూడకుండా, దాని మీద 1095 అని, వాటర్‌జెట్ అని మీ పేరుతో బిల్లు వేశారు. మా ఫిర్యాదు దాని మీద.

మా ప్రాంతంలో ఉక్కును పరీక్షించి తీసుకోవడం కొత్త అలవాటు కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్ళేది. 1820ల్లో ఆ ఊరిని చూసిన బ్రిటిష్ వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సీ, అక్కడికొచ్చిన పర్షియా వర్తకులు దగ్గరుండి ముడిసరుకు పాళ్ళు తూయించుకుని, ఉక్కు గట్టిదనాన్ని తామే పరీక్షించుకునేవారని రాశాడు. మేము హైదరాబాద్ వచ్చి మీ మెషీన్ పక్కన నిలబడలేం. అందుకే కాగితాన్ని నమ్ముతాం. ఆ కాగితం నిజం కావాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతున్నాను. మెత్తగా తేలిన 17 బ్లాంకులను అసలు 1095తో, వాటర్‌జెట్‌లో మళ్ళీ కోసి పంపండి. లేదా వాటి ధర జీఎస్టీతో కలిపి 9,027 రూపాయలు తిరిగి ఇవ్వండి. మిగతా 23 కూడా లేజర్‌లో కోసినవే కాబట్టి వాటికి రెండు రేట్ల మధ్య తేడా వాపసు ఇవ్వండి. టెస్ట్ ఫీజు రసీదు కూడా జతచేశాను, అది మీరే భరించాలి. ఆ 23 వచ్చిన షీట్‌కు హీట్ నంబర్ (ఉక్కును ఏ విడతలో కరిగించారో చెప్పే నంబర్) ఉన్న మిల్ టెస్ట్ సర్టిఫికెట్, అంటే ఉక్కు మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం కావాలి. గీత కత్తి డ్రాయింగ్ ఫైల్‌ను మీ వెండర్ దగ్గర తీసేయించి, తీసేశామని రాసివ్వండి. అది మా అనుమతి లేకుండా ఇంకొకరికి వెళ్ళకూడని గీత.

ఇంకొకటి, ఇది మా కోసం అడుగుతున్నది కాదు. ఆ వారంలో అదే వెండర్ దగ్గర కోయించి మీరు ఇంకెవరికైనా బ్లాంకులు పంపి ఉంటే, వాళ్ళకు వెంటనే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళు కూడా ఒకటి పరీక్షించి మిగతావి నమ్మి ఉంటారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాం. అక్కడిదాకా వెళ్ళాలని మాకు లేదు. మార్చిలో అంత బాగా పని చేసిన చోటుకే మళ్ళీ ఆర్డర్ ఇవ్వాలని ఉంది.

బ్లాంకులు 17నూ విడిగా కట్టి, ఒక్కోదానికి నంబర్ రాసి పెట్టాను. మీ మనిషి ఎప్పుడు వచ్చినా చూపిస్తాను. కర్రీ పాయింట్ అక్కకు ఇచ్చిన కత్తి కూడా వాటితోనే ఉంది. మార్చి బ్లాంకుతో ఆమెకు వేరే కత్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఆరుగురి తరఫున,
ఆర్డర్ ఇచ్చిన వినియోగదారుడు,
హనుమకొండ.

జతపరిచినవి: బిల్లు, వాటర్‌జెట్‌కు ఒప్పుకున్న మెయిల్, ల్యాబ్ రిపోర్టు, ఫీజు రసీదు, అంచుల ఫోటోలు.