ఏసీ మెకానిక్‌కి లైసెన్స్ పెట్టండి సార్, అడిగేది మేమే

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, అట్లే స్కిల్ డెవలప్‌మెంట్ చూసే మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక చిన్న ఏసీ కాంట్రాక్టర్ రాసుకుంటున్న బహిరంగ లేఖ.

ఇద్దరికీ కలిపి ఒకటే లేఖ ఎందుకంటే మా పని ఏ శాఖ కిందికొస్తుందో మాకే తెలీదు సార్. ఏసీలో ఉండే గ్యాస్ సంగతి ఢిల్లీలో పర్యావరణ శాఖ చూస్తాది, స్టార్ రేటింగ్ బీఈఈ అనే కేంద్ర సంస్థ, కరెంటు ఎస్పీడీసీఎల్ (హెడ్డాఫీసు మా ఊళ్లోనే ఉండాది), షాపు రిజిస్ట్రేషన్ లేబర్ ఆఫీసు, ట్రేడ్ లైసెన్స్ కార్పొరేషన్. ఇన్ని ఆఫీసులు ఉండాయి గానీ ఈ మనిషికి ఏసీ పని వచ్చా రాదా అని అడిగే ఆఫీసు మాత్రం ఒక్కటీ లేదు. నా దగ్గర ట్రేడ్ లైసెన్స్ ఉంది, జీఎస్టీ ఉంది, చిన్న యూనిట్లకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది, కానీ అవన్నీ షాపు గదికీ లెక్కలకీ ఇచ్చిన కాగితాలు, స్పానర్ పట్టుకునే చేతికి ఇచ్చినవి కావు. ఇంటికి వైరింగ్ చెయ్యాలంటే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చెయ్యాలని రూలు పెట్టారు, వైర్‌మెన్‌కి పర్మిట్ ఇస్తారు. అదే ఇంటి గోడకి ఏసీ తగిలించి అందులో మండే గ్యాస్ నింపేవాడికి మాత్రం ఏమీ అక్కర్లేదు, ఒక బైకూ ఒక బ్యాగూ ఉంటే చాలు.

మండే గ్యాస్ అని ఊరికే భయపెట్టడానికి అనలేదు. పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది, ఓజోన్‌కి చెడ్డదే గానీ అంటుకునేది కాదు. ఓజోన్‌ని కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో 2030కి ఆ గ్యాస్ కథ అయిపోతాది. ఇప్పుడు షోరూముల్లో అమ్మే స్ప్లిట్ ఏసీల్లో జాస్తిగా ఆర్-32 వస్తా ఉండాది. దీని ప్రెజర్ ఆర్-22 కన్నా ఒకటిన్నర రెట్లకి పైనే, పైగా కొద్దిగా మండే గుణం ఉంది. ఇంకొన్నింటిలో ఆర్-290, అంటే ప్రొపేన్, మన వంటింటి సిలిండర్‌లో కూడా కలిసి ఉండే గ్యాసే. ఆర్-22 కాలం నాటి ప్రెజర్ చూసే గేజీలు తెచ్చి ఆర్-32 మిషన్‌కి తగిలించేవాళ్లు, గ్యాస్‌ని తూకం వెయ్యకుండా పైపు పట్టుకుని చూసి సల్లగుంది చాల్లే అనేవాళ్లు, సిగరెట్ ముట్టించుకుని అవుట్‌డోర్ విప్పేవాళ్లు, అందరూ మార్కెట్లో మాతో సమానంగా ఏసీ మెకానిక్‌లే.

పోయిన ఎండాకాలం బస్టాండు కాడ ఒక లాడ్జి వాళ్లు మూడో ఫ్లోర్‌లో కూలింగ్ రావడం లేదని ఫోన్ చేస్తే పోయినాను. నేను పోయేసరికే వేరే పిలకాయలు ఇద్దరు పని మొదలుపెట్టేసి ఉండారు, మేనేజర్ కంగారులో నలుగురికి ఫోన్ చేసినట్టుండాడు. లీక్ టెస్ట్ చేస్తా ఉండాం అన్నా అని చెప్పినారు, సరే అని బాల్కనీలో చూస్తే నల్ల సిలిండర్ నిలబెట్టి ఉండాది. లీక్ టెస్ట్ నైట్రోజన్‌తో చెయ్యాలి, ఆ సిలిండర్ బూడిద రంగులో ఉంటాది సార్, నల్లది ఆక్సిజన్, పైపు అతికే బ్రేజింగ్‌కి తెచ్చుకున్నది. దాన్నే కాపర్ లైన్‌కి బిగించి ప్రెజర్ ఎక్కిస్తా ఉండారు. కంప్రెసర్‌లో ఆయిల్ ఉంటాది, ప్రెజర్ మీద ఆక్సిజన్ పోయి ఆ ఆయిల్‌కి తగిలితే కంప్రెసర్ పేలిపోతాది, మనుషులు పోతారు. గోడకి అవతల రూములో తమిళనాడు నుంచి వచ్చిన యాత్రికులు, గుండు కొట్టించిన చిన్నబిడ్డ మంచం మీద నిద్రపోతా ఉంది. ముందు వాల్వ్ కట్టేయించి, ప్రెజర్ వదిలేయించి, అప్పుడు అడిగినాను ఇది ఎవురు నేర్పించినారు రా అని. మా మేస్త్రీ ఇట్లే చేస్తాడన్నా అన్నాడు, అంతే. నైట్రోజన్ అంటే ఇంకో సిలిండర్, ఇంకో రెగ్యులేటర్, అవన్నీ మూడు ఫ్లోర్లు మొయ్యాలి, లాడ్జి ఇచ్చే రేటుకి అది గిట్టదు.

ఆ రేటు కాడే అసలు సమస్య అంతా ఉండాది. కొత్త ఏసీ ఫిట్టింగ్ చేశాక వాక్యూమ్ పంపు పెట్టి లైన్‌లో గాలీ తేమా లాగేయాలి, సరిగ్గా చేస్తే ఆ ఒక్కదానికే అరగంట పడతాది. చెయ్యకుండా కొంచెం గ్యాస్ వదిలి గాలిని బయటికి తోసేస్తే రెండు నిమిషాల్లో అయిపోతాది. ఆ రోజుకి రెండు ఏసీలూ ఒకేలా సల్లగా ఉంటాయి, కస్టమర్‌కి తేడా ఏం తెలస్తాది చెప్పండి. తేమ లోపలే ఉండిపోయి కంప్రెసర్ పోయేది తర్వాతెప్పుడో, అప్పుడు ఆయన తిట్టేది కంపెనీని. కాబట్టి అరగంట వాక్యూమ్ పెట్టేవాడు 1500 చెప్తే, పెట్టనివాడు 800 చెప్తే, పని 800 వాడికే పోతాది. మంచి పనికి విలువ లేకుండా పోయేది ఇక్కడే. మా దగ్గర పని నేర్చుకున్న పిలకాయలు కూడా బయటికి పోయి సొంతంగా మొదలుపెట్టాక వాక్యూమ్ మానేస్తా ఉండారు, మానకపోతే వాళ్లకి ఇల్లు గడవదు.

దీనికి తోడు షోరూముల ఫ్రీ ఇన్‌స్టలేషన్. ఫ్రీ అంటే కస్టమర్‌కి ఫ్రీ, ఫిట్టింగ్ చేసే పిల్లోడికి డీలర్ ఇచ్చేది ఏమీ మిగలని రేటు, ఆ లోటు వాడు కాపర్ పైపు ఎక్కువ అడుగులు రాసీ, స్టాండు రేటు పెంచీ పూడ్చుకుంటాడు, కస్టమర్ దృష్టిలో దొంగ అవుతాడు. యాప్‌లు వచ్చాక ఇంకా ఘోరం, సర్వీసు రేటు వాళ్లే ఫిక్స్ చేస్తారు, కమిషన్ వాళ్లే పట్టుకుంటారు, స్టార్ తగ్గితే పని ఆపేస్తారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం గిగ్ వర్కర్ల, అంటే యాప్ మీద పని చేసేవాళ్ల భద్రతకి కట్టాలని ఉంది కదా, అది మా తిరుపతి పిల్లోడి దాకా ఏ రూపంలో వస్తాదో కార్మిక శాఖ వాళ్లు ఒక్కసారి తెలుగులో చెప్తే బాగుంటుంది.

ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది, సంతోషం, మధ్యతరగతి ఇళ్లల్లో ఏసీ కొనేవాళ్లు పెరుగుతారు. మా సర్వీసు బిల్లు మీద అప్పుడూ 18, ఇప్పుడూ 18. అంటే ఏసీలు పెరుగుతాయి, వాటిని ముట్టుకునే తెలీని చేతులూ పెరుగుతాయి.

ఇంకో చిత్రం చెప్తా సార్. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే డైకిన్ ఉంది, బ్లూస్టార్ ఉంది, హావెల్స్ వాళ్ల లాయిడ్ ఉంది, ఎల్‌జీకి 2025 మేలో శంకుస్థాపన చేశారు. దేశానికంతా ఏసీలు మా జిల్లా నుంచి పోతాయి. అదే జిల్లాలో ఆ ఏసీని రిపేరు చేసేవాడికి నేను మెకానిక్‌ని అని చూపించుకోవడానికి గవర్నమెంటు ఇచ్చిన లైసెన్స్ కార్డు ముక్క లేదు. ఫ్యాక్టరీలు తెచ్చినందుకు పేపర్లో ఫొటోలు వేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు, సర్వీసు చేసేవాళ్ల సంగతి కూడా అదే ఊపులో చూడండి అంటా ఉండాం.

2019 మార్చిలో కేంద్రం ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ అని ఒకటి తెచ్చింది, 2022-23 నాటికి లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకి ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తామని అందులో రాసుకున్నారు. మా కొర్లగుంట, లీలామహల్ సెంటర్, రేణిగుంట రోడ్డు వైపు తిరిగే మెకానిక్‌లలో ఆ సర్టిఫికెట్ చూపించినోడు నాకైతే తగల్లేదు. పీఎం విశ్వకర్మలో 18 వృత్తులు పెట్టి 15 వేల టూల్ కిట్ ఇస్తా ఉండారు, ఆ 18లో మేం లేం. అమెరికాలో అయితే 1994 నుంచే ఏసీ గ్యాస్ లైన్ ముట్టుకునే ప్రతివాడికీ సర్టిఫికెట్ ఉండాలి, లేనోడికి గ్యాస్ సిలిండర్ అమ్మరు. అంత దూరం ఎందుకు, మా పిలకాయలు కువైట్ పోతే అక్కడ ముందు అడిగేది సర్టిఫికెట్ ఏదీ అనే. లేనోడు హెల్పర్ జీతానికే చేరతాడు, పనిలో మాత్రం మెకానిక్‌కి తీసిపోడు.

కాబట్టి లైసెన్స్ పెట్టండి. అయితే ఎట్లా పెడతారనేదే ముఖ్యం, లేకపోతే ఇది ఇంకో వసూళ్ల దుకాణం అవుతాది, అది మాకూ తెలుసు. ఐటీఐ పాసైనోళ్లకే అని పెట్టొద్దు సార్. ఐటీఐలో రెండేళ్ల కోర్సు ఉంది, మంచిదే, కానీ ఈ రోజు పని చేస్తా ఉండేవాళ్లలో జాస్తి మంది పదో తరగతి కాడ ఆగిపోయి మేస్త్రీ దగ్గర సంచి మోసి నేర్చుకున్నోళ్లు. వాళ్లని ఐటీఐకి పిలిచి చేతి మీద టెస్ట్ పెట్టండి. ఫ్లేరింగ్, అంటే పైపు చివర విప్పార్చడం చెయ్యమనండి, నైట్రోజన్ పెట్టి లీక్ చూపించమనండి, వాక్యూమ్ లాగి గ్యాస్ తూకం వేసి ఎక్కించమనండి. ఒక పూటలో ఎవురికి పని వచ్చో తేలిపోతాది. పని వచ్చినోళ్లకి పాత అనుభవానికి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి స్కిల్ మిషన్‌లో ఎట్లాగూ ఉంది, దాన్నే వాడుకోవచ్చు. ప్రశ్నలు తెలుగులో ఉండాలి, ఫీజు ఒక రోజు కూలి దాటకూడదు, ఫెయిలైనోడికి నేర్పించి మళ్లీ పిలవాలి. కార్డు మీద నంబరు వేసి ఆన్‌లైన్‌లో పెడితే కస్టమరే ఫోన్లో చూసుకుంటాడు. ఒకటి రెండు ఏళ్లు టైమిచ్చి ఆ తర్వాత కార్డు నంబరు లేకుండా ఆర్-32, ఆర్-290 డబ్బాలు షాపుల్లో అమ్మకూడదు అనండి, అప్పుడు దారికొస్తారు. ఇది ఒక్కటి లేకపోతే మిగతాదంతా ఫైల్లోనే ఉంటాది.

కార్డుతో పాటు రెండు మూడు సంగతులు సర్దాలి. కంపెనీలు ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు), సర్వీసు మాన్యువల్‌లు బయటి మెకానిక్‌కి ఇవ్వవు, బోర్డు కావాలంటే చెన్నై పోయి పాత మిషన్లలో పీకినవి వెతుక్కోవాల్సి వస్తా ఉంది. కొన్న వస్తువుని రిపేరు చేయించుకునే హక్కు కోసం కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ 2022లోనే తెరిచింది, కార్డు ఉన్నోడికి స్పేర్లు బిల్లు మీద అమ్మమని ఈ కంపెనీలకి గట్టిగా చెప్పండి, ముఖ్యంగా మన జిల్లాలో భూములు తీసుకున్నోళ్లకి. గవర్నమెంటు ఆఫీసుల ఏసీ మెయింటెనెన్స్ టెండర్లలో టర్నోవర్ కండిషన్ చూస్తే మాలాంటోళ్లకి తలుపు మూసినట్టే, పెద్ద ఊరి కంపెనీ ఎత్తుకుని సగం రేటుకి మళ్లీ మాకే సబ్ కాంట్రాక్టు ఇస్తాది, చెమట మాది లాభం వాళ్లది. జిల్లా స్థాయి చిన్న టెండర్లకి టర్నోవర్ బదులు కార్డు ఉన్న మెకానిక్‌లు ఎంతమంది ఉండారో అడగండి. ఇంక బాకీలు. చిన్న యూనిట్లకి 45 రోజుల్లో డబ్బులు ఇవ్వాలని చట్టం చెప్తాది, లాడ్జిలూ కల్యాణ మండపాలూ ముహూర్తాల సీజన్ అయిపోయాక చూద్దాం అంటాయి. వాళ్ల మీద కేసు వేసి మళ్లీ ఎండాకాలం వాళ్ల గుమ్మం ఎక్కగలమా, మీరే చెప్పండి.

అవుట్‌డోర్ యూనిట్లు సన్‌షేడ్ చివర పెట్టిస్తారు, బెల్టు కట్టుకునే కొక్కెం ఉండదు, మనిషి ఒక చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని ఇంకో చేత్తో నట్టు తిప్పాలి. బిల్డింగ్ ప్లాన్ అప్రూవల్‌లోనే అవుట్‌డోర్‌కి నిలబడే చోటు చూపించమని మున్సిపల్ శాఖకి ఒక మాట చెప్పినా చాలు, పైసా ఖర్చు లేని పని అది.

ఏసీ సీజన్ మార్చిలో మొదలైతే జూన్ దాకా మాకు తల తిప్పుకునే తీరిక ఉండదు. అందుకని ఫిబ్రవరి లోపల జిల్లాలో ఏదో ఒక గవర్నమెంటు ఐటీఐలో మీ ఆఫీసర్లని పంపించి ఒక మీటింగ్ పెట్టండి, నైట్రోజన్ సిలిండర్, వాక్యూమ్ పంపు, ఒక పాత స్ప్లిట్ యూనిట్ మేమే తెస్తాం, వాళ్ల ముందే చేసి చూపిస్తాం. శని, ఆదివారాలు మాత్రం వద్దు సార్, ఆ రెండు రోజులూ కొండకి రష్ ఉంటాది, లాడ్జీల వాళ్లు మమ్మల్ని కదలనివ్వరు.

ఇట్లు
ఒక ఏసీ కాంట్రాక్టర్,
కొర్లగుంట, తిరుపతి