మల్లెకు ఆకలి తెలియాలి

మైలవరం,
నవంబర్ 12.

అమ్మడూ,

నీ ఫోటోలు మీ అమ్మ, నేను పెద్దవి చేసి మరీ చూశాం. కంచె మీద పాకించింది మల్లె కాదు తల్లీ. ఆకు తుంచి చూడు, పాలు కారతాయి. మన మల్లెకు, జాజికి పాలుండవు. రెక్కలు కూడా గాలిమరలా ఒకవైపుకు తిరిగి ఉన్నాయి. డాలస్‌లో దాన్ని స్టార్ జాస్మిన్ అని అమ్ముతారు. గన్నేరు జాతి. వాసన బాగుంటే ఉండనీ, తప్పేం లేదు. కానీ పక్కింటి పచ్చపూల తీగ, కరోలినా జెస్సమిన్ అన్నావే, అది మాత్రం విషం. పూలలో తేనె ఉంటుందని పాప నోట పెట్టుకోకుండా చూసుకో.

అసలు మల్లె నీ కుండీలో ఉన్నదే. బొడ్డుమల్లె. పూయడం లేదని ఏడుస్తున్నావు. పూస్తుందా మరి! ఏడాది పొడుగునా నీళ్లు, నెలనెలా పచ్చిక ఎరువు, నీడపట్టున కూర్చోబెట్టడం. మేపుతున్నావు దాన్ని. కొత్తలో నేనూ ఇలాగే మన పది సెంట్లకి యూరియా గుప్పించాను. నడుమెత్తు లేచింది, ఆకు నవనవలాడింది, పూలు మాత్రం సోలెడు రాలేదు. "గడ్డి బాగానే పండించారు, గేదెను కొనండి" అంది మీ అమ్మ. ఆ మాట ఇప్పటికీ మానలేదు.

ఇక్కడ ఏం చేస్తామో నీకు గుర్తుండాలి. నవంబర్ ఆఖరుకు నీళ్లు ఆపేస్తాం. తోట వాడుమొహం వేశాక గొర్రెల మందను తోలుతాం. ఆకంతా అవే మేస్తాయి. తర్వాత ఎండుపుల్లలు తీసేసి, మోకాలెత్తున కొట్టేస్తాం. చూసినవాళ్లు తోట చచ్చిపోయిందనుకుంటారు. అప్పుడు పాదు తవ్వి, పశువుల ఎరువేసి నీళ్లు పెడితే చిగురుతో పాటే మొగ్గ. మల్లె కొత్త చిగురు కొసనే పూస్తుంది, ముదురు కొమ్మ మీద ఆశ పెట్టుకోకు.

నీకు గొర్రెలు లేవు కాబట్టి చేత్తోనే దూయి. మంచు పడేలోగా కుండీని లోపలికి, దక్షిణపు కిటికీ దగ్గరికి మార్చు. 2021 ఫిబ్రవరిలో మీ ఊళ్లో పడిన చలి గుర్తుందిగా, మల్లె అలాంటిది ఓర్వదు. మట్టి వేలి కణుపు లోతున ఎండితేనే కాసిని నీళ్లు. ఫిబ్రవరిలో మూడో వంతు ఉంచి కత్తిరించు. రాత్రిళ్లు పది డిగ్రీలకు తగ్గడం మానేశాక బయట పెట్టు, రోజుకు ఆరు గంటల ఎండ తగిలేచోట. ఒక విడత పూసిపోగానే కొసలు తుంచితే మళ్లీ చిగురు కడుతుంది.

ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉన్నాయన్నావు, అది ఇనుము చాలక. మీ నీళ్లలో సున్నం ఎక్కువ అయ్యుంటుంది. అన్నభేది, అదే ఫెర్రస్ సల్ఫేట్, లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, చల్లటి పూట పిచికారీ చెయ్యి. మొగ్గ ఊదారంగుకు తిరిగి రాలిపోతే లోపల పురుగు తొలిచిందని, అలాంటివి ఏరి పారెయ్యి.

జాజి కూడా పెడతానన్నావు. దానికి పందిరి కావాలి, ఈ బాల్కనీలో వద్దు. ఇల్లు కొన్నాక చూద్దాం. కాగడా మల్లెలకు వాసనే లేదు, మల్లెలు లేని చలికాలంలో దండ నిండుగా కనపడటానికి తప్ప నాకెప్పుడూ నచ్చలేదు. దొంతర మల్లె చూడ్డానికి బుల్లి గులాబీలా ముద్దుగా ఉంటుంది గానీ పూత పిసినారితనం.

తొలి మొగ్గ తెల్లబడ్డ రోజు సాయంత్రం వీడియో కాల్ చెయ్యి. అక్కడ ఏడైతే ఇక్కడ తెల్లారగట్ల అయిదున్నర. నెత్తిన లైట్లు కట్టుకుని మేమప్పుడు చేలోనే ఉంటాం, విచ్చకముందే మొగ్గలు కోస్తూ. నీ కుండీలోది విచ్చుకుంటుంటే మీ అమ్మ చూడాలంటోంది.

మీ నాన్న