పాలు చాలవంటూ బాలింతను బెదరగొట్టకండి

సంపాదకులకు,

కాన్పుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. రోజూ చెవిన పడే మాట ఒకటుంది: "పాలు పడలేదు, బిడ్డ ఆకలికి ఏడుస్తోంది." అనేది చూడవచ్చినవాళ్లే. అప్పటిదాకా బిడ్డను గుండెకు హత్తుకుని తాగిస్తున్న తల్లి ముఖం చిన్నబోతుంది, పాలడబ్బా కోసం పరుగులు మొదలవుతాయి.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చెంచాల లెక్కనే ఉంటాయి. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు సాధారణంగా అవే సరిపోతాయి. బరువు కాస్త తగ్గడమూ మామూలే. 10 శాతం తగ్గితే మాత్రం డాక్టరు చూడాలి. ఏడుపును కాదు, తడిగుడ్డలను లెక్కపెట్టండి. అయిదో రోజు నుంచి రోజుకు 6 సార్లయినా మూత్రం పోయాలి. బిడ్డ మత్తుగా పడి ఉండి తాగకపోతే క్షణం ఆగకుండా డాక్టరుకు చూపించండి.

తల్లి సంగతి ఎవరూ అడగరు, నా బాధంతా అదే. కాన్పయ్యాక ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. 2 వారాలు దాటినా తగ్గకపోతే డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. "బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేంటి" అని దయచేసి నోరు మూయించకండి. ఇంటికి పంపే రోజు ప్రతి ఆస్పత్రీ ఇవన్నీ తల్లికే కాదు, భర్తను, అత్తను, అమ్మను కూడా కూర్చోబెట్టి చెప్పాలని కోరుతున్నాను.

- ఒక స్టాఫ్ నర్సు