మొదటి స్థానం దక్కని పాట

సంపాదకులకు నమస్కారం.

లాస్ వేగాస్‌కు చెందిన ‘ది కిల్లర్స్’ రాక్ బృందం 2003లో తొలిసారి విడుదల చేసిన ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’ మరుసటి ఏడు బ్రిటన్ పాటల జాబితాలో పదో స్థానం దగ్గరే ఆగిపోయినా, అమ్మకాలూ స్ట్రీమింగూ కలిపి చూస్తే, అక్కడ అగ్రస్థానం చేరని పాటలన్నిటిలోకీ పెద్దదని 2024లో లెక్క తేలింది. ప్రియురాలి ద్రోహం తెలిసిన బాధలోంచి బృంద గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ రాసిన ఈ పాటలో రెండో చరణం మొదటి చరణమే. ఒక్క మాటా మారదు. దాన్ని లోపమంటే నేను ఒప్పుకోను, అసూయతో రగిలే మనసు ఒకే దృశ్యాన్ని పదేపదే తిప్పుకుంటుంది కదా. లీడ్స్‌లో ఒక పెళ్లి విందులో గిటారు తొలి మీటు వినబడగానే, పెద్దవాళ్లు సైతం చేతిలోని పళ్లేలు పక్కన పెట్టి గొంతు కలపడం కళ్లారా చూశాను. మీ ఆదివారం సంచికలో ఇలాంటి పాటలకూ చోటివ్వండి.

— ఒక పాఠకుడు, లీడ్స్