కింగ్ గారి పాటల సాయంత్రానికి చందాలు కావాలి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. సూటిగా చెప్తాం, డబ్బులు కావాలి. జనవరిలో మన కాజీపేట చర్చి ఆవరణలో అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ జ్ఞాపకార్థం మన క్వయర్ పాటల కార్యక్రమం పెడుతున్నాం. ఆయన పుట్టింది 1929 జనవరి 15న, కానీ ఆ తేదీకి మనకు సంక్రాంతి, సగం క్వయర్ ఊళ్ళకు పోతుంది, తబలా తమ్ముడైతే ఫోన్ కూడా ఎత్తడు, అందుకే పండగ దాటిన ఆదివారం సాయంత్రం 6 గంటలకు అనుకున్నాం.

"ఎక్కడి అమెరికా పాస్టరో, ఆయనకు మన చందాలెందుకు" అని కమిటీలోనే ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన మాటే. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీ అనే ఊళ్ళో రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆమె బస్సులో తెల్లవాళ్ళకు సీటు వదలనందుకు అరెస్టయింది, దానికి నిరసనగా అక్కడి నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కలేదు. కింగ్ అప్పుడు ఆ ఊళ్ళో పాస్టర్, వయసు 26, ఆ పోరాటానికి ముందు నిలబడింది ఆయనే. జనం పనులకు పోవాలంటే కార్లు కావాలి, కార్లకు పెట్రోలు కావాలి. చర్చిల్లో మీటింగులు పెట్టి కానుకలు పట్టారు, సంఘాల పేరు మీద కార్లు కొన్నారు. జార్జియా గిల్మోర్ అనే వంటామె ఇంకొందరు ఆడవాళ్ళను కూడగట్టి, చికెన్ వేయించి, కేకులు చేసి అమ్మి, ఆ డబ్బు తెచ్చి మీటింగులో పోసేది. ఎవరెవరు ఇచ్చారో తెలిస్తే కొలువులు ఊడతాయి కాబట్టి పేర్లు మాత్రం చెప్పేవాళ్ళు కాదు. ఈ సంగతి వినగానే మన స్త్రీల సమాజం వాళ్ళు సకినాలు చేసి అమ్ముతామన్నారు. ఆర్డర్లు ఇప్పటి నుంచే ఇవ్వొచ్చు.

పాటలే ఎందుకంటే, మాంట్‌గోమరీలో మీటింగులు పాటలతోనే నడిచేవి. కింగ్ తల్లి చర్చిలో ఆర్గాన్ వాయించేది. 1959లో ఆయన మన దేశం వచ్చి నెల రోజులు తిరిగినప్పుడు భార్య కొరెట్టా సభల్లో పాడింది, తన ఉపన్యాసాలకు తక్కువ కాకుండా ఆమె పాటలు సాగాయని ఆయనే రాసుకున్నారు.

1968లో ఆయన అమెరికాలోనే మెంఫిస్ నగరానికి వెళ్ళింది పారిశుధ్య కార్మికుల సమ్మెకు అండగా. అంతకుముందు ఇద్దరు కార్మికులు చెత్త బండిలో నలిగి చనిపోయారు. ఏప్రిల్ 4న అక్కడే కింగ్‌ను కాల్చి చంపారు. అందుకే మన కార్యక్రమంలో ముందు వరుస మన వాడలో తెల్లారకముందే రోడ్లు ఊడ్చే అక్కలకు, అన్నలకు. 40 మందికి గమ్ బూట్లు, గ్లౌజులు ఇద్దామనుకుంటున్నాం. శాలువాలు వద్దనుకున్నాం, వాటితో మోరీలు తీయలేరు కదా.

బూట్లు, మైకుసెట్టు, కుర్చీలు, చాయ్ టిఫిన్ అన్నీ కలిపి 70,000 అవుతుంది, చేతిలో 22,000 ఉంది. ఫ్లెక్సీ మీద తన ఫొటో వేస్తే మొత్తం ఖర్చు పెట్టుకుంటానని ఒక నాయకుడు కబురు పెట్టాడు. వద్దన్నాం, దాని మీద కమిటీలో కొంచెం గొడవ కూడా అయింది. 50 రూపాయలైనా సరే, ఆదివారం ఆరాధన అయ్యాక ట్రెజరర్ దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి, క్యూఆర్ కోడ్ ఆఫీసు గోడకు ఉంది. పేరు వద్దంటే రాయం. లెక్కలు కార్యక్రమం తర్వాతి ఆదివారం నోటీసు బోర్డు మీద పెడతాం. పాడాలనుకునేవాళ్ళు బుధ, శుక్రవారాల్లో రాత్రి 7కి ప్రాక్టీసుకు రండి, ఏ మతమని అడగం, మగ గొంతులు మరీ తక్కువున్నాయి.