వేటకు ముందే ఇంజిన్లు తెచ్చెయ్యండి

ఫైబర్ బోట్ల అన్నదమ్ములందరికీ నమస్కారం. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఏటా ఆఖరి రెండు రోజుల్లోనే ఇంజిన్లన్నీ మా రిపేరు షెడ్డు ముందు వరస కడతాయి. “స్క్రూ కాస్త తిప్పి ఇచ్చెయ్, తెల్లారితే వేటకెళ్లాలి” అంటారు. ఈ ఏడు అలా ఇవ్వను. ఎందుకో చెప్తాను.

నిషేధం 61 రోజులూ ఇంజిను ఊరికే పడుంటే, పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకిచ్చే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి అడుగున జిగురు మిగిలిపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. గిన్నె విప్పితే గోడలకు తెల్లటి పొడి పట్టి కనిపిస్తుంది. పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, అంటే జెట్టు, తీసి వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనపడాలి. సగం మూసుకుపోయి ఉంటే స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు. తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది.

మన టూ స్ట్రోక్ ఇంజినుకి ఆయిలు పెట్రోల్లో కలిసే వెళ్తుంది. జెట్టు మూసుకుంటే ఆయిలూ తగ్గిపోతుంది. లోడు మీద, నడి సముద్రంలో పిస్టన్ పట్టేస్తుంది. నాకు భయమంతా అక్కడే.

అందుకే గిన్నె, జెట్లు, గిన్నెలో పెట్రోలు మట్టం చూసుకునే ఫ్లోట్, నీడిల్ అన్నీ విప్పి కడిగాకే ఇస్తాను. ఇంజిను నెమ్మదిగా తిరిగే వేగానికి ఉండే ఐడిల్ స్క్రూ మాత్రం ఇంజినుని నీళ్లలో దింపి, వేడెక్కాక, గేరు వేసి చూసుకునే సరిచేస్తాను. ఒడ్డున నీళ్లు లేకుండా తిప్పితే ఇంజినును చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది. ఇదంతా గంటలో అయ్యే పని కాదు, ఇంజిను ఒక రాత్రి మా దగ్గర ఉండాలి. కూలి ఒక్కటే రేటు. గాస్కెట్లు, నీడిల్ మార్చాల్సొస్తే పాతవి మీ చేతికిచ్చాకే వాటి డబ్బులు తీసుకుంటాను.

వచ్చే నిషేధానికైనా ఇంజిను కట్టేసే ముందు గిన్నె అడుగు స్క్రూ విప్పి పెట్రోలు వంచెయ్యండి. కిరోసిన్ మీద నడిపేవాళ్లయితే ఆపే ముందు కాసేపు పెట్రోలు మీద నడిపి, ఆ తర్వాత వంచండి.

వచ్చేటప్పుడు ట్యాంకు, హోసు కూడా తెండి. హోసు మధ్య చేత్తో నొక్కే రబ్బరు బల్బు పగిలి గాలి పీలుస్తుంటే కార్బొరేటర్ ఎంత బాగుచేసినా ఇంజిను ఆగిపోతూనే ఉంటుంది.